ఆపరేటింగ్ సిస్టమ్ పనిని మీ కంప్యూటర్‌లోనే చూడండి: గుంతకల్లు నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

"సార్, నా ల్యాప్‌టాప్ సచ్చిపోయింది."

పోయిన ఎండాకాలం ఒక డిగ్రీ అమ్మాయి సంచి కూడా కింద పెట్టకుండానే అన్న మాట ఇది. ఏమైందమ్మా అంటే, "ఆన్ చేస్తే నల్లగా వస్తాంది, ఒక ఇంగ్లీషు లైను పడతాంది, అంతే, లోపలికి పోల్యా" అంది. ఆన్ చేసి చూశాను. ఫ్యాను తిరుగుతోంది, కీబోర్డు స్పందిస్తోంది, తెర మీద తెల్లక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: నో బూటబుల్ డివైస్. అంటే, మొదలుపెట్టడానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్ ఏదీ దొరకలేదని. ల్యాప్‌టాప్ చావలేదు. హార్డ్ డిస్క్ పోయింది, దానితో పాటు అందులో ఉన్న విండోస్ పోయింది. నడిపించేవాళ్ళు లేక యంత్రం ఊరికే కూర్చుంది.

డిప్లొమాలోనూ డిగ్రీలోనూ అందరం బట్టీ పట్టిన నిర్వచనం ఒకటుంది: ఆపరేటింగ్ సిస్టమ్ అంటే వాడేవారికీ హార్డ్‌వేర్‌కూ మధ్య వారధి. తప్పు కాదు. కానీ వారధి కదలకుండా పడి ఉంటుంది, దాని మీద మనమే నడిచిపోతాం. ఆపరేటింగ్ సిస్టమ్ చేసేది అది కాదు. ఉన్నది కొంచెం, అడిగేవాళ్ళు చాలామంది. ఎవరికి ఎప్పుడు ఎంత ఇవ్వాలో, ఎవరిని ఆపాలో, ఎవరి సామాను ఎవరూ ముట్టుకోకుండా ఎలా చూడాలో క్షణక్షణం తేల్చడమే దాని పని. మా ఊరి స్టేషన్ చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. గుంతకల్లు జంక్షన్‌కు బళ్ళారి, రాయచూరు, గుత్తి, ధర్మవరం, నంద్యాల వైపుల నుంచి బండ్లు వస్తాయి. ప్లాట్‌ఫారాలు మాత్రం లెక్కకు తగ్గట్టే ఉంటాయి. మా నాన్న బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేశారు, కాబట్టి నేను ఆపరేటింగ్ సిస్టమ్‌ను కాలేజీలో చదవక ముందే యార్డులో చూశానని ఇప్పటికీ అనుకుంటాను.

ఈ మార్గదర్శిని చదివి పక్కన పెట్టకండి. ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో మెట్టూ చేస్తూ పోండి. విండోస్ 10 లేదా 11 ఉన్నది ఏదైనా చాలు. చివరి భాగానికి 8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి కావాలి.

మొదటి మెట్టు: ఆపరేటింగ్ సిస్టమ్ లేని కంప్యూటర్‌ను చూడండి

కంప్యూటర్‌ను పూర్తిగా ఆపండి. మళ్ళీ పవర్ బటన్ నొక్కిన వెంటనే సెటప్ మీటను వరసగా తడుతూ ఉండండి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో ఎఫ్1 లేదా ఎఫ్2. పాత డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా డిలీట్ మీట ఉంటుంది.

బొమ్మలు పెద్దగా లేని ఒక తెర వస్తుంది. అక్కడ మీ ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ) ఎంతో, డిస్క్ పేరేమిటో, టైము ఎంతో కనిపిస్తాయి. ఇది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. పాతవాటిలో దాన్ని బయాస్ అనేవారు, ఇప్పటివాటిలో ఉన్నది యూఈఎఫ్‌ఐ. దానికి తెలిసింది కొంచెమే: సామాను సరిగా ఉందో లేదో చూడటం, తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ ఏ డిస్క్‌లో ఉందో వెతికి దానికి పగ్గాలు అప్పగించడం. ఇక్కడ మీరు పాట వినలేరు, ఫైలు దాచలేరు, రెండు పనులు ఒకేసారి చేయలేరు. ఆ లేనివన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే, ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పనుల జాబితా అదే తయారవుతుంది.

ఏమీ మార్చకుండా, సేవ్ చేయకుండా బయటికి రండి.

రెండో మెట్టు: మేలుకోవడాన్ని గమనించండి

ఫర్మ్‌వేర్ డిస్క్‌లోని బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామును లేపుతుంది. విండోస్‌కు విండోస్ బూట్ మేనేజర్, విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌కు ఎక్కువగా గ్రబ్. అది కెర్నెల్‌ను మెమరీలోకి తెస్తుంది. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. యంత్రం మొత్తం మీద అధికారం దానిదే. అది లేచాక మొదటి ప్రోగ్రాములను పుట్టిస్తుంది, వాటి నుంచి మిగతావి పుడతాయి. నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. లినక్స్‌లో ఆ మొట్టమొదటి ప్రాసెస్ నంబరు ఎప్పుడూ 1. దాన్నే మూలపురుషుడు అనుకోండి.

ఇక్కడే రోజూ పనికొచ్చే సంగతి ఒకటి చెప్తాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ, అంటే ప్రాసెసర్, మీద నొక్కితే కింద "అప్ టైమ్" అని కనిపిస్తుంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసేవాళ్ళకు కూడా అక్కడ పది పదిహేను రోజులు కనిపించవచ్చు. కారణం విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నెల్ పూర్తిగా చావదు, తన స్థితిని డిస్క్‌లో దాచుకుని నిద్రపోతుంది. రీస్టార్ట్ చేస్తేనే మొదటి నుంచి మొదలవుతుంది. అందుకే కంప్యూటర్ విసిగిస్తుంటే "ఆపి పెట్టినా బాగవల్యా" అనేవాళ్ళకు నేను ముందు చెప్పేది రీస్టార్ట్ కొట్టమనే. సగం ఇబ్బందులు అక్కడే తీరిపోతాయి.

మూడో మెట్టు: ప్రాసెసర్ వంతులు లెక్కపెట్టండి

అదే పేజీలో ప్రాసెసెస్, కోర్స్ అనే రెండు అంకెలు చూడండి. కోర్ అంటే ప్రాసెసర్‌లో పని చేసే భాగం. నేను ఇది రాస్తున్న యంత్రంలో ఇప్పుడు 187 ప్రాసెస్‌లు ఉన్నాయి, కోర్లు నాలుగే. ఒక కోర్ ఒక క్షణంలో ఒకటో రెండో ప్రోగ్రాములనే నడుపుతుంది. మరి 187 ఎలా నడుస్తున్నాయి?

వంతులేసుకుని. కెర్నెల్‌లోని షెడ్యూలర్ ఒక్కో ప్రోగ్రాముకు కొన్ని మిల్లీసెకన్ల సమయం ఇస్తుంది. గడువు అయిపోగానే గడియారం నుంచి ఒక సంకేతం వస్తుంది. ప్రోగ్రాము ఎక్కడున్నా సరే దాన్ని ఆపి, అది ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు రాసుకుని, ఇంకోదాన్ని ఎక్కిస్తుంది. ఇంత వేగంగా మారుతుంటే మన కంటికి అన్నీ ఒకేసారి నడుస్తున్నట్టే ఉంటాయి. ఆ 187లో చాలావరకు మీట నొక్కుతారేమో, నెట్ నుంచి ఏమైనా వస్తుందేమో అని నిద్రపోతూ ఎదురుచూసేవే కావడం ఇంకొక వెసులుబాటు.

బలవంతంగా దించే ఈ అధికారం మొదటి నుంచీ అన్ని సిస్టమ్‌లలో లేదు. విండోస్ 3.1 కాలంలో ప్రోగ్రాములు తమంతట తామే వంతు వదులుకోవాలి. ఒకటి మొండికేస్తే మొత్తం బిగుసుకుపోయేది. విండోస్ 95 నుంచి 32 బిట్ ప్రోగ్రాములను కెర్నెలే దించడం మొదలైంది. యాపిల్ కంప్యూటర్లకు ఈ పద్ధతి పూర్తిగా వచ్చింది 2001లో, మ్యాక్ ఓఎస్ టెన్‌తో.

పరీక్ష చేయాలంటే పెద్ద వీడియోను ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కు మార్చే పని పెట్టండి. సీపీయూ గీత పైకి ఎక్కుతుంది. ఇప్పుడు డీటెయిల్స్ పేజీలో ఆ ప్రోగ్రాము మీద కుడి క్లిక్ చేసి, సెట్ ప్రయారిటీలో "బిలో నార్మల్" ఎంచుకోండి. వీడియో పని సాగుతూనే ఉంటుంది, మీ టైపింగ్ తేలికపడుతుంది. ఎక్స్‌ప్రెస్ వస్తోందని గూడ్సును లూప్ లైనులో, అంటే పక్క పట్టాల మీద, పెట్టడం ఇదే. ఆ జాబితాలో "రియల్‌టైమ్" అని ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి. మౌస్ కూడా కదలని పరిస్థితి రావచ్చు.

నాలుగో మెట్టు: టోకెన్ ఎవరి చేతిలో ఉంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. రెండు స్టేషన్ల మధ్య ఒకటే పట్టా ఉంటే, రెండువైపుల నుంచీ బండ్లు రావాలంటే ఏం చేస్తారు? మా నాన్న రోజుల్లో రెండు స్టేషన్లలోనూ టోకెన్ యంత్రాలుండేవి. ఒక ఇనుప బంతి బయటికి తీస్తే, అది అవతలి స్టేషన్ యంత్రంలోనో ఇవతలిదాంట్లోనో తిరిగి పడేదాకా ఇంకో బంతి ఊడి రాదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద వలయానికి కట్టి డ్రైవరుకు అందించేవారు. బంతి చేతిలో ఉన్న బండే ఆ సెక్షన్‌లోకి వెళ్ళాలి.

కంప్యూటర్‌లో ఇలాంటి ఒంటి పట్టాలు వేలకొద్దీ ఉంటాయి. ఒకే ఫైలులో రెండు ప్రోగ్రాములు ఒకేసారి రాస్తే అది చెడిపోతుంది. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ తాళాలు ఇస్తుంది. 1960లలో డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఇలాంటి ఏర్పాటుకు పెట్టిన పేరు సెమఫోర్. అది స్తంభం మీద చేయిలా లేచి దిగే రైల్వే సిగ్నల్ పేరే. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాన్నకు చెప్తే, "మేం చేసిందే కదరా" అన్నారు.

మీరూ చూడవచ్చు. వర్డ్‌లో ఒక ఫైలు తెరిచి ఉంచి, ఫోల్డరులోకి వెళ్ళి దాన్ని తొలగించడానికి ప్రయత్నించండి. ఫైలు వాడుకలో ఉంది, కుదరదు అంటుంది. బంతి వర్డ్ చేతిలో ఉందన్నమాట. లినక్స్‌లో పద్ధతి వేరు. అక్కడ పేరు తొలగిపోతుంది, కానీ ప్రోగ్రాము దాన్ని మూసేదాకా లోపలి సమాచారం చెక్కుచెదరదు.

రెండు ప్రోగ్రాములు చెరొక తాళం పట్టుకుని, ఎదుటిదాని తాళం కోసం కదలకుండా కూర్చుంటే దాన్ని డెడ్‌లాక్ అంటారు. పరీక్షల్లో తప్పకుండా అడిగే ప్రశ్న. దానికి నాలుగు షరతులు రాయాలి: వనరు ఒకరికే చెందడం, ఉన్నది పట్టుకుని ఇంకోటి కోరడం, బలవంతంగా లాక్కోలేకపోవడం, ఒకరికోసం ఒకరు చక్రంలా ఎదురుచూడటం. వీటిలో ఏ ఒక్కటి తెగ్గొట్టినా డెడ్‌లాక్ రాదు.

ఐదో మెట్టు: మెమరీ నిండితే ఏమవుతుందో చూడండి

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి పెట్టుకుని, బ్రౌజరులో ఒక్కో ట్యాబ్ తెరుస్తూ పోండి. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రమైతే ఇరవై ట్యాబులు రాకముందే గీత పైకప్పును తాకుతుంది. అయినా కొత్త ట్యాబ్ తెరుచుకుంటూనే ఉంటుంది. చోటు ఎక్కడిది?

ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీని చిన్న చిన్న పేజీలుగా చూస్తుంది. మనం వాడే మామూలు పీసీలలో ఒక్కో పేజీ 4 కిలోబైట్లు. ర్యామ్ నిండినప్పుడు, చాలాసేపటిగా ఎవరూ ముట్టుకోని పేజీలను తీసి డిస్క్ మీద పెడుతుంది. మళ్ళీ కావాలంటే వెనక్కి తెస్తుంది. దీన్నే వర్చువల్ మెమరీ అంటారు. ప్రోగ్రాముకు ఈ మార్పిడి తెలియదు, తనకు కావలసినంత మెమరీ ఉందనే అనుకుంటుంది.

అయితే ర్యామ్ నుంచి తెచ్చుకోవడానికి దాదాపు 100 నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్ డిస్క్ నుంచి తేవడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే లక్ష రెట్లు. తెచ్చిన పేజీకి చోటు కోసం ఇంకో పేజీని బయటికి పంపడం, మరుక్షణం అదే కావాలని మళ్ళీ తేవడం, ఇలా తెచ్చిపెట్టడంలోనే కాలమంతా గడిచిపోతే దాన్ని త్రాషింగ్ అంటారు. డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతుంటుంది, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంది, మనం వైరస్ అనుకుంటాం. ఇలాంటి కంప్యూటర్ తెచ్చినవాళ్ళకు నా సలహా ఒకటే: కొత్తది కొనే ముందు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించండి, వీలైతే ర్యామ్ 8 జీబీ చేయించండి.

మెమరీ విషయంలో ఇంకో పని కూడా ఉంది. ఒక ప్రోగ్రాము మెమరీలోకి ఇంకొకటి తొంగిచూడకుండా కాపాడటం. మామూలు ప్రోగ్రాము హద్దు దాటితే కెర్నెల్ దాన్ని ఒక్కదాన్నే మూసేస్తుంది. కెర్నెల్ అధికారంతో నడిచే డ్రైవరే (పరికరాలను నడిపించే ప్రోగ్రాము లాంటిది) హద్దు దాటితే మూయడానికి పైన ఎవరూ లేరు, యంత్రం మొత్తం నీలి తెరతో ఆగిపోతుంది. 2024 జూలై 19న జరిగింది అదే. ఒక భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచంలో 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు.

ఆరో మెట్టు: ఫైళ్ళు, పెన్ డ్రైవులు

డిస్క్ మీద ఉన్నవి వరుస అంకెలే. వాటికి పేర్లు, ఫోల్డర్లు, తేదీలు కల్పించేది ఫైల్ సిస్టమ్. విండోస్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్‌కు ఎక్కువగా ఎక్స్‌టీ4, పెన్ డ్రైవులకు ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్.

పెళ్ళి వీడియో తీసుకెళ్ళడానికి 32 జీబీ పెన్ డ్రైవ్ తెస్తారు. వీడియో 6 జీబీ. కాపీ చేస్తే ఫైలు మరీ పెద్దది అంటుంది. పెన్ డ్రైవ్ ఖాళీగానే ఉంది, మరి ఏం రోగం? ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు. లోపల ఏమైనా ఉంటే వేరే చోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

తొలగించిన ఫైలు సంగతి కూడా తెలుసుకోండి. తొలగించినప్పుడు పోయేది విషయసూచికలోని పేరు మాత్రమే. లోపలి సమాచారం అలాగే ఉంటుంది, దాని మీద ఇంకేదైనా రాసేదాకా. కాబట్టి పెన్ డ్రైవులో ముఖ్యమైనది పొరపాటున పోతే ఆ క్షణం నుంచి దాన్ని వాడటం ఆపండి, తిరిగి తెచ్చుకునే అవకాశం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ఈ ఆశ తక్కువ, ఖాళీ అయిన చోటును అది త్వరగానే తుడిచేస్తుంది.

ఏడో మెట్టు: పరికరాలు, తెలుగు అక్షరాలు

స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. అక్కడున్న ఒక్కో వరసకూ వెనుక ఒక డ్రైవర్ ఉంటుంది, అంటే ఆ పరికరం భాష తెలిసిన దుబాసీ. పసుపు గుర్తు ఉంటే దుబాసీ రాలేదని అర్థం. అనంతపురంలోనైనా కర్నూలులోనైనా కొన్ని డీటీపీ సెంటర్లలో ఇంకా విండోస్ 7 కనిపించడానికి ఇదొక కారణం. పాత ప్రింటరుకు కొత్త విండోస్‌లో డ్రైవర్ దొరకదు. ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన శుభలేఖల ఫైళ్ళను వదిలి రావడం కూడా అంత తేలిక కాదు.

తెలుగు అంటే గుర్తొచ్చింది. మన పుస్తకాల్లో ఎక్కడా రాయని ఒక పని ఆపరేటింగ్ సిస్టమ్ మనకోసం చేస్తుంది. "స్త్రీ" అని టైపు చేయండి. తెర మీద ఒక్క అక్షరం. లోపల మాత్రం ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. యూనికోడ్‌లో, అంటే ప్రపంచ భాషల అక్షరాలకు అంకెలిచ్చే పద్ధతిలో, ఆ ఆరూ వరసగా ఉంటాయి. ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో, గుడి దేనిమీదికి ఎక్కాలో తేల్చి ఒక్క ఆకారంగా గీయడానికి సిస్టమ్‌లో ప్రత్యేకమైన భాగమే ఉంది. విండోస్ ఎక్స్‌పీలో ఆ భాగాన్ని సీడీ పెట్టి విడిగా వేసుకోవాల్సి వచ్చేది, వేసుకోకపోతే అక్షరాలు విడివిడిగా చెల్లాచెదురుగా కనిపించేవి. ఇప్పటి పిల్లలకు ఆ బాధ తెలియదు, అందుకు నాకు నిజంగా సంతోషం.

రకాలు: పుస్తకంలో ఒకలా, లోకంలో ఒకలా

పరీక్షలో రాసే జాబితా ఇది: బ్యాచ్, టైమ్ షేరింగ్, డిస్ట్రిబ్యూటెడ్, నెట్‌వర్క్, రియల్ టైమ్, మొబైల్. మార్కులకు సరిపోతుంది. కానీ ఇవి వేరువేరు డబ్బాలు కావు. ఒక్క లినక్స్ కెర్నెలే సర్వర్లలోనూ, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నిటిలోనూ ఉంది. దాన్ని ఏ డబ్బాలో వేస్తారు? అందుకే పేర్లు కాకుండా, ఏ ఇబ్బంది తీర్చడానికి ఏ రకం పుట్టిందో గుర్తుపెట్టుకోమంటాను.

1950లలో కంప్యూటర్ ఖరీదు చెప్పలేనంత. ఒక పని అయ్యాక ఇంకో పని పెట్టడానికి మనిషి లేచి వెళ్ళే సమయం కూడా దండగే. పనులన్నీ కట్టగట్టి ఇస్తే ఒకదాని తర్వాత ఒకటి నడిపేది బ్యాచ్ సిస్టమ్. 1956లో ఐబీఎం 704 కోసం జనరల్ మోటార్స్, నార్త్ అమెరికన్ ఏవియేషన్ కలిసి చేసింది తొలివాటిలో ఒకటి. ఇప్పుడు కూడా జీతాల లెక్కలు, బ్యాంకుల రోజు ముగింపు పనులు ఈ పద్ధతిలోనే సాగుతాయి.

బ్యాచ్‌లో తప్పు దొర్లితే మర్నాటిదాకా తెలిసేది కాదు. అందుకని ఒకే యంత్రం ముందు చాలామందిని కూర్చోబెట్టి వంతులిచ్చే టైమ్ షేరింగ్ వచ్చింది. 1961లో అమెరికాలోని ఎంఐటీలో సీటీఎస్‌ఎస్ అనే అలాంటి సిస్టమ్‌ను చూపించారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే సిస్టమ్ మొదలుపెట్టారు, 1973లో దాన్ని సీ భాషలో తిరగరాశారు. యంత్రం మారినా సిస్టమ్‌ను మోసుకెళ్ళగలిగే దారి అలా తెరుచుకుంది. ఆ పద్ధతినే అనుసరిస్తూ 1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ కెర్నెల్ రాశాడు. మ్యాక్ ఓఎస్, ఐఫోన్ సిస్టమ్ కూడా యూనిక్స్ వంశంవే. మా పల్లెల్లో చాలామంది చేతికి 2017లో వచ్చిన జియోఫోన్‌లో నడిచింది కైఓఎస్, దాని అడుగున ఉన్నదీ లినక్సే.

ఇంట్లో ఒక్కరికోసం ఒక్క కంప్యూటర్ అన్నప్పుడు 1981లో ఎంఎస్-డాస్, 1985లో విండోస్ వచ్చాయి. ఇప్పటి విండోస్ మాత్రం డాస్ సంతానం కాదు. 1993లో వేరుగా కట్టిన విండోస్ ఎన్‌టీ సంతానం.

రియల్ టైమ్ అంటే వేగం అని చాలామంది పొరబడతారు. కాదు. గడువు తప్పకపోవడం. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి ఉండేది కొన్ని పదుల మిల్లీసెకన్లు. తర్వాత విచ్చుకుంటే లాభం లేదు. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ అనే నాసా నౌకలో విఎక్స్‌వర్క్స్ అనే రియల్ టైమ్ సిస్టమ్ ఉంది. దిగాక అది పదే పదే రీసెట్ కావడం మొదలైంది. కారణం మన టోకెన్ కథే. వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని ఒకటి తాళం పట్టుకుంది. ఆ తాళం కోసం అన్నిటికన్నా ముఖ్యమైన పని ఎదురుచూస్తోంది. ఈలోగా మధ్యస్థాయి పని ఒకటి వచ్చి, తాళం పట్టుకున్న చిన్నదాన్ని పక్కకు నెట్టి తాను నడుస్తోంది. చిన్నది కదలదు, తాళం వదలదు, ముఖ్యమైనదానికి గడువు దాటుతుంది. కాపలా గడియారం ఇది చూసి మొత్తం రీసెట్ చేస్తుంది. గూడ్సు దగ్గర బంతి ఉండిపోయి, దాన్ని ప్యాసింజర్ ఆపేస్తే, వెనుక ఎక్స్‌ప్రెస్ నిలబడిపోయినట్టు. ఇంజినీర్లు భూమి మీదున్న నమూనా యంత్రంలో దీన్ని పట్టుకున్నారు. ఎక్స్‌ప్రెస్ ఎదురుచూస్తున్నంతసేపూ బంతి ఉన్న గూడ్సుకే ఎక్స్‌ప్రెస్ హోదా ఇచ్చే ఏర్పాటు సిస్టమ్‌లో ముందే ఉంది, ఆపి ఉంచారంతే. భూమి నుంచి మార్పు పంపి దాన్ని ఆన్ చేశారు. రీసెట్లు ఆగిపోయాయి.

కెర్నెల్ కట్టుబడిని బట్టి ఇంకో విభజన ఉంది. అన్నీ ఒకే పెద్ద ఇంట్లో ఉంటే మోనోలిథిక్, లినక్స్ అలాంటిది. కనీసమైనవి మాత్రమే లోపల ఉంచి మిగతావి బయట పెడితే మైక్రోకెర్నెల్, కార్లలో వాడే క్యూఎన్‌ఎక్స్ అలాంటిది. విండోస్ ఎన్‌టీ, యాపిల్ కెర్నెల్ రెండు పద్ధతుల్నీ కలుపుకున్నాయి.

మీ పాత యంత్రానికి ఏది? ఎంచుకుని వేసి చూడండి

విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్ళలో వాడేవారికి నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ఇచ్చారు. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాట్లు ఉండాలి. ఇవన్నీ ఉన్నా ప్రాసెసర్ పాతదైతే ఒప్పుకోదు. ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ బటన్‌తో ఆర్ నొక్కి, టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లీషులో కొడితే మీ యంత్రంలో టీపీఎం ఉందో లేదో తెలుస్తుంది.

మీ పని ట్యాలీతోనో, అను ఫాంట్లతోనో, విండోస్‌లో మాత్రమే నడిచే ఇంకేదైనా దానితోనో ముడిపడి ఉంటే లినక్స్‌కు తొందరపడకండి, చేతిలో పని ఆగిపోతుంది. చదువుకోవడం, బ్రౌజరు, ఉత్తరాలు రాయడం, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం ఇవే అయితే లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్ పెట్టుకోమని ధైర్యంగా చెప్తాను. 2 జీబీ ర్యామ్‌తో మొదలవుతుంది, 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. బలం తక్కువున్న యంత్రానికి దాని తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం తీసుకోండి. మన ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఉంది, అందులో తెలుగు ఉంది.

పని మొదలుపెట్టే ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టు ఫైళ్ళు వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, అక్కడ తెరిచి చూడండి. కాపీ అయిందని నమ్మి తెరవకుండా వదిలేసి ఏడ్చినవాళ్ళను చూశాను. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి.

మింట్ అధికారిక సైటు నుంచి ఐఎస్‌ఓ ఫైలు (సిస్టమ్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) దించుకోండి, దాదాపు 3 జీబీ ఉంటుంది. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాము తెరిచి, పెన్ డ్రైవ్ ఎంచుకుని, ఐఎస్‌ఓ చూపించి స్టార్ట్ నొక్కండి. పెన్ డ్రైవులో ఉన్నవన్నీ పోతాయి. డ్రైవ్ పేరును రెండుసార్లు చూసుకోండి.

యంత్రాన్ని ఆపి, పెన్ డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూ బూట్ మెనూ మీట తట్టండి. డెల్, లెనోవో, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. యూఎస్‌బీ ఎంచుకుంటే మింట్ నేరుగా పెన్ డ్రైవ్ నుంచే తెరుచుకుంటుంది. ఇంకా మీ డిస్క్‌ను ఏమీ ముట్టుకోలేదు. ఇక్కడ తొందరపడకుండా అరగంట కూర్చోండి. వైఫై పట్టుకుందా? శబ్దం వస్తోందా? వెబ్‌క్యామ్, టచ్‌ప్యాడ్ సరేనా? కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి "స్త్రీ", "క్ష్మి" కొట్టి చూడండి. ఏది పనిచేయకపోయినా పెన్ డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేస్తే మీ పాత విండోస్ మీకు తిరిగి వస్తుంది.

అన్నీ బాగుంటే డెస్క్‌టాప్ మీదున్న ఇన్‌స్టాల్ గుర్తు నొక్కండి. ఛార్జర్ పెట్టి ఉంచండి, బ్యాటరీ నిండుగా ఉండనివ్వండి. ఎండాకాలం మధ్యాహ్నాల కరెంటు మీకు తెలిసిందే. డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగకండి. విండోస్‌ను ఉంచుకుని పక్కన పెట్టాలా, డిస్క్ మొత్తం చెరిపి పెట్టాలా అని అడుగుతుంది. ఇక్కడ నొక్కే ఒక్క బటన్‌ను వెనక్కి తీసుకోలేరు, నిదానంగా చదవండి. అయిపోయాక పెన్ డ్రైవ్ తీసి ఎంటర్ కొట్టమంటుంది.

మొదటిసారి లోపలికి వెళ్ళాక అప్‌డేట్లు వేయండి. తర్వాత టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాము తెరిచి సిస్టమ్ నకలు ఒకటి తీసి పెట్టండి. రేపు ఏదైనా మార్చి చెడగొట్టుకున్నా ఈ రోజుకు తిరిగి రావచ్చు. మీ ఫైళ్ళకు మాత్రం అది బదులు కాదు, వాటి కాపీ వేరే డిస్క్‌లోనే ఉండాలి. పెన్ డ్రైవ్‌ను చెరపకుండా మీద కాగితం అంటించి, తేదీ రాసి, బీరువాలో పెట్టండి. ఇంకోసారి నో బూటబుల్ డివైస్ కనిపించిన రోజు మొదట వెతికేది దాన్నే.